నాగనాథ్ చెవి

అక్టోబరు 14, మంగళవారం

రెండు స్కూటర్లకు ఆయిలు మార్చాను. ఒక కారుకు ప్లగ్గులు. సాయంత్రం వర్షం.

మా ఆవిడ చంద్రభాగ ఎనిమిది గంటల కిన్వట్ బస్సుకు ఇస్లాపూర్, పుట్టింటికి వెళ్లింది. దీపావళి ముందు వాళ్ల వదినకు చేతిసాయం కావాలట. ఎలాగూ అన్నాచెల్లెళ్ల పండగ భావ్‌బీజ్‌కు అన్నగారింటికి వెళ్లేదే, పది రోజులు ముందు వెళ్లింది, అంతే. బస్టాండు దాకా దిగబెడతానన్నాను. అప్పటికే ఆటో పిలుచుకుంది.

మయూర్ జీపులోంచి దింపిన ఇంజను మూలన ఉంది. టార్పాలిన్ కప్పాను.

అక్టోబరు 15

అన్నం మాడింది. పని మామూలే.

అక్టోబరు 16, గురువారం

జరిగింది జరిగినట్టు రాసిపెట్టుకోవడం మంచిది. రోజు పని రాసుకునే అలవాటు ఎలాగూ ఉంది. షాపుకు వచ్చేవాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు ఉన్నారు గాని, అందరివీ మరాఠీ బడులు, తెలుగు చదివేవాళ్లు లేరు. కాబట్టి ఇక్కడ రాయవచ్చు.

ముఖేడ్‌లో విత్తనాల షాపు రామచంద్రం గారి కొడుకు మయూర్. బురదలో, గుట్టల మీద జీపుల పోటీలకు వెళతాడు. పాత పెట్రోలు జీపు. కంపెనీ పెట్టిన కంప్యూటర్ తీసేసి బయటి ఈసీయూ, అంటే ఇంజనును నడిపే వేరే కంప్యూటర్, పెట్టమన్నాడు. పెట్టాను. దానికి నాక్ సెన్సర్ ఒకటి. పెట్రోలు తన వంతు రాకముందే పేలితే ఆ దెబ్బ ఇంజను గోడలో ఒక సన్నటి మోతగా వస్తుంది, అదే నాకింగ్. ఆ మోత ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఉంటుందో ఈసీయూకు మనమే చెప్పాలి. బోరు, అంటే సిలిండరు వెడల్పు, 75 మిల్లీమీటర్లు. పద్దెనిమిది వందలను పై విలువ 3.14తో భాగించి, వచ్చినదాన్ని బోరుతో భాగిస్తే 7.64 కిలోహెర్ట్జ్. అదే పెట్టాను. ఇందులో తప్పు లేదు, మూడుసార్లు లెక్క చూశాను.

ఒకటో తేదీ ఖండేనవమి, ఆయుధపూజ రోజు. ఇంజను బ్లాకుకు వెండి రంగు వేసి, పసుపు కుంకుమ పెట్టి, పనిముట్లతో పాటు పూజ చేశాం. నాలుగో తేదీ భోకర్ రోడ్డు మీద పరీక్ష. నేను నడిపాను. పక్క సీట్లో చంద్రభాగ, వెనుక మయూర్. బ్లాకుకు రాగి గొట్టం బిగించి, దానికి రబ్బరు పైపు తగిలించి, చెవులకు పెట్టుకునే డబ్బాల దాకా తెచ్చాను. ఆ డబ్బాలు చంద్రభాగ చెవులకు. ఆమెకు నాకింగ్ వినపడితే మోకాలి మీద వేలు పైకి లేపుతుంది. నేను ఆర్‌పీఎం చూసుకుంటాను. ఎప్పుడూ ఇంతే.

నాలుగు వేల ఆర్‌పీఎం దగ్గర వేలు లేపింది. ల్యాప్‌టాప్ చూశాను. గ్రాఫ్ చదునుగా ఉంది. మళ్లీ లాగాను. మళ్లీ లేపింది.

"వాల్వుల టాపెట్ల సప్పుడు అది" అన్నాను.

"టాపెట్ కుట్టుమిషన్ లెక్క ఉంటది. గిది గట్ల లేదు. పెంక మీద జొన్నలు పేలాలైనట్టున్నది" అన్నది.

మయూర్ మమ్మల్ని మరాఠీలో కాకా, కాకీ, అంటే బాబాయి, పిన్ని అని పిలుస్తాడు. వెనుక నుంచి, "కాకీకి ఆకలైతున్నట్టున్నది కాకా, ఆడ మురుకుల్ల బండి కాడ ఆపు" అన్నాడు. నవ్వాడు. నేనూ నవ్వాను. గ్రాఫ్‌లో లేదు కదా. టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పడే క్షణం, అలాగే ఉంచాను; వెనక్కి తీస్తే నాకింగ్ ఆగుతుంది గాని బండి జోరు తగ్గుతుంది.

పన్నెండో తేదీ పోటీలో, గుట్ట ఎక్కుతుండగా ఇంజను పోయింది.

పదమూడున మయూర్ ముగ్గురు స్నేహితులను వెంటేసుకుని వచ్చాడు. "నాగనాథ్ చెవి, నాగనాథ్ చెవి అని జిల్లా అంత చెప్పుకుంటరు. ఏమైంది కాకా నీ చెవికి?" అన్నాడు. అందరూ నన్నే చూస్తున్నారు. ఎదురుగా లేతు మిషన్ పోశన్న కూడా పని ఆపి చూస్తున్నాడు.

"గా దినం ఇన్నది నేను కాదు. మా ఆమె ఇన్నది" అన్నాను.

చంద్రభాగ లోపల చాయ్ వడపోస్తున్నది. ఐదు కప్పులు తెచ్చి బల్ల మీద పెట్టింది. కప్పుల పిడులు వాళ్ల వైపు తిప్పి పెట్టి లోపలికి వెళ్లింది.

నేను అబద్ధం చెప్పలేదు. విన్నది ఆమే.

అక్టోబరు 17

మయూర్ పెట్రోలు ఎక్కడ పోయించాడో అడగాలి. డబ్బాలో తెచ్చుకున్న పాత పెట్రోలు అయి ఉంటుంది.

అక్టోబరు 19, ఆదివారం

కుండల్‌వాడి నుంచి వినాయక్ కారు. దీనికీ బయటి ఈసీయూనే. బోరు 74, అంటే 7.74.

ఒక్కడినే వెళ్లాను. ల్యాప్‌టాప్ పక్క సీట్లో పెట్టి బెల్టు కట్టాను. మూడు వేల రెండు వందల దగ్గర గ్రాఫ్ లేచింది. అది నాకింగా, వాల్వు మూసుకునే మోతా అన్నది గ్రాఫ్ చెప్పదు. ఎంత ఎత్తు దాటితే నాకింగ్ అనుకోవాలో ఆ గీత గీయవలసింది మనిషి. రోడ్డు పక్కన ఆపి డబ్బాలు నేనే చెవులకు పెట్టుకున్నాను. ఇంజను గుర్రుమంటున్నది. అంతే. పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఎందుకైనా మంచిదని టైమింగ్ ఆరు డిగ్రీలు వెనక్కి తీసి ఇచ్చేశాను.

అక్టోబరు 21

లక్ష్మీపూజ. దీపం పెట్టాను. పోశన్న ఇంటి నుంచి కరంజీలు, అవే కజ్జికాయలు, వచ్చాయి.

అక్టోబరు 23, గురువారం

ఇవాళ భావ్‌బీజ్. రేపు వస్తుంది.

అక్టోబరు 24

రాలేదు. పండగ రద్దీ, బస్సుల్లో చోటుండదు.

అక్టోబరు 25

రాలేదు.

అక్టోబరు 26, ఆదివారం

సంగన్న బావకు నేనే ఫోను చేశాను. ఆయన చంద్రభాగకు పెద్దన్న. మంచి మనిషి, ఎక్కువ మాట్లాడడు.

"పండుగ మంచిగైందా బావా?" అన్నాను.

"అయింది."

"చంద్రభాగ ఎప్పుడు బయలెల్లుతది?"

"చెల్లె దూది ఏరనీకి పోయింది" అన్నాడు.

"ఎందుకు?"

"ఎందుకేంది బావా, కూలికి. పొద్దుగాలనే పోతది ఆడోళ్లతోని."

పెళ్లయిన ఏడాదే ఆమెను దూది చేలలోంచి బయటికి తెచ్చాను. ఇక నువ్వు కూలికి వెళ్లనక్కర్లేదన్నాను. ఆ మాట సంగన్నకు గుర్తు చేద్దామనుకున్నాను. చేయలేదు.

"నువ్వేమన్న అన్నవా గామెను?" అని అడిగాడు.

"ఏమనలే."

"గామె గూడ గదే చెప్తది. ఏమనలే అని."

అక్టోబరు 28, మంగళవారం

వినాయక్ కారు వెనక్కి తెచ్చాడు. "కాకా, గిదేంది, ఎడ్లబండి నయమున్నది. బిలోలి కాడ టెంపో గూడ నన్ను దాటి పోయింది. గాడు మల్ల చెయ్యి ఊపిండు నాకు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. రెండు డిగ్రీలు ముందుకు జరిపాను. ఏ ధైర్యంతో జరిపానో నాకే తెలియదు. మళ్లీ వెనక్కి తీశాను. ప్రస్తుతానికి ఇలాగే నడుపుకోమన్నాను, కారు తీసుకుపోయాడు.

పోశన్న వచ్చి టైరు మీద కూర్చున్నాడు.

"ఊర్ల ఏమంటుండ్రో ఎర్కనా నీకు?"

"ఏమంటుండ్రు?"

"నాగనాథ్ పెండ్లాంతోని ట్యూనింగ్ చేపిచ్చి మయూర్ బండి ఖరాబ్ చేసిండట."

"ఎవలన్నరు?"

"ఎవలన్నరేంది! నువ్వే అంటివి గద. నేను గూడ ఇన్న."

అక్టోబరు 30, గురువారం

ఫోనులో చెవి పరీక్ష చేసే యాప్ ఉంది. సన్నటి మోత వేస్తుంది, వినపడినప్పుడు నొక్కాలి. వెయ్యి హెర్ట్జ్, వినపడింది. రెండు వేలు, మూడు వేలు వినపడ్డాయి. నాలుగు వేలు, ఎక్కడో దూరంగా. ఐదు వేలు, ఉందో లేదో. ఆరు వేల దగ్గర ఫోను చెడిపోయిందనుకున్నాను. సౌండు పూర్తిగా పెంచాను. ఏమీ లేదు. ఏడు వేల ఆరు వందలు పెట్టి స్పీకరు మీద చెయ్యి పెట్టి చూశాను.

రోడ్డు అవతలి నుంచి పోశన్న అరిచాడు. "అరె బంద్ చెయ్ భయ్ గది! చెవుల సూది గుచ్చినట్టు అయితున్నది!"

బంద్ చేశాను.

ఇది కొత్త సంగతి కాదు. నాకు తెలిసిందే. ఇరవై ఏళ్ల వయసు నుంచి ఆరేళ్లు జనరేటర్ షెడ్డులో పనిచేశాను, చెవులకు దూది కూడా పెట్టుకోకుండా. షాపు పెట్టుకున్న ఏడాది ఒక టాక్సీ వచ్చింది. ఆ పాత బండ్లకు ఈసీయూలు లేవు, టైమింగ్ చేత్తో తిప్పేవాళ్లం. అన్నం తెచ్చిన చంద్రభాగ పక్కన నిలబడి, "పేలాల సప్పుడు అస్తున్నది దీంట్లకెల్లి" అన్నది. నేను కాస్త వెనక్కి తిప్పాను. "ఇప్పుడు లేదు" అన్నది. టాక్సీవాడు వచ్చాక, నాకింగ్ ఉండె, తీసేసిన అని చెప్పాను. వాడు బండి తీసుకుపోయి స్టాండు మొత్తం చెప్పాడు. నాగనాథ్ చెవి అన్న మాట అక్కడ పుట్టింది.

సరిచేసే సందర్భం రాలేదు. మొదట్లో ఒకటి రెండుసార్లు వచ్చి ఉంటుంది. తర్వాత రాలేదు. రోడ్డు మీద పరీక్షకు ఆమె కూడా వస్తుంటే జనం, నాగనాథ్‌కు పెండ్లాం అంటే ప్రేమ, షికారుకు తిప్పుతాడు అనేవారు. మేమిద్దరం నవ్వుకునేవాళ్లం. ఆమె నవ్వేదనే గుర్తు.

ఇరవై రెండేళ్లు.

అక్టోబరు 31

విన్నది ఆమే అని ఊళ్లో నేను మొదటిసారి చెప్పింది ఈ నెల పదమూడున.

నవంబరు 3, సోమవారం

టార్పాలిన్ తీశాను. హెడ్ విప్పాను. మూడో పిస్టను అంచు ఎలుక కొరికినట్టు ఉంది, ఒకచోట చిల్లు. మిగతా మూడూ శుభ్రం. పాత పెట్రోలు అయితే నాలుగింటికీ ఏదో ఒకటి కావాలి. అయినా పెట్రోలే అయి ఉండవచ్చు.

సెన్సర్ పనికొస్తుందని విప్పాను. దాని కింద వెండి రంగు. సెన్సర్ కూర్చునే చోట బ్లాకు మీద ఉత్త ఇనుము ఉండాలి. అక్కడ నున్నగా, మందంగా, మెరుస్తూ రంగు. గోరుతో గీరితే పొరగా లేచింది.

ఏటా నవమికి షాపులో ఏ ఇంజను ఉంటే దానికి రంగు వేసి పూజలో పెడతాను. ఇంతకుముందు వాటికి సెన్సర్ ముందే బిగించి ఉండేది. ఈసారి పండగ తొందరలో ముందు రంగు వేసి, తర్వాత సెన్సర్ బిగించాను. పూజకు ఇంజను మెరవాలని రెండు పూతలు వేశాను. బ్రష్ నాదే.

నవంబరు 4, మంగళవారం

చిన్న సుత్తితో మూడో సిలిండరు పక్కన బ్లాకును కొట్టి చూశాను. సెన్సర్‌ను రంగు మీదే బిగించి పది దెబ్బలు. రంగు గీరేసి, ఇనుము మీద బిగించి పది దెబ్బలు, అదే బలంతో. 7.64 దగ్గర గ్రాఫ్ మూడింతలు ఎత్తు లేచింది.

నవంబరు 5

మళ్లీ రంగు వేసి, ఎండబెట్టి, మళ్లీ కొట్టాను. మళ్లీ గీరి మళ్లీ కొట్టాను. పోశన్నను కొట్టమన్నాను, నా చేతి బలంలో తేడా ఉందేమో అని. "సచ్చిన ఇంజన్‌ను ఎన్నిసార్లు కొడ్తవ్ భయ్?" అన్నాడు గాని కొట్టాడు.

మూడింతలే.

ఆమె చెవుల్లోకి వచ్చింది రాగి గొట్టం గుండా. దానికి ఈ రంగు అడ్డం లేదు. గ్రాఫ్ చూడలేనిది ఆమెకు వినపడింది. రంగు వల్ల అని రాసి ఇక్కడ ఆపవచ్చు. కాని రంగు లేకపోయినా, గ్రాఫ్ లేకపోయినా, ఆమె రెండుసార్లు వేలు లేపింది.

నవంబరు 7, శుక్రవారం

ముఖేడ్ వెళ్లాను. శనగ విత్తనాల కాలం, షాపు నిండా రైతులు. రామచంద్రం గారు గద్దె మీద కూర్చుని చీటీలు రాస్తున్నారు. మయూర్ సంచులు దింపిస్తున్నాడు.

"ఆవో కాకా, శనగలు పెడ్తున్నవా షాపుల?" అన్నాడు.

పక్కకు పిలుద్దామనుకున్నాను. పిలిస్తే మళ్లీ దాచినట్టే అవుతుంది. అందరి ముందే చెప్పాను. రంగు సంగతి చెప్పాను. తర్వాత, "గా దినం మా ఆమె సక్కగనే ఇన్నది. రెండుసార్లు చెప్పింది. ఇననిది నేను" అన్నాను.

"నువ్వు ఇననిదేంది కాకా, నీ చెవి..."

"నాకు చెవి లేదు. ఇర్వై రెండేండ్ల సంది ఆమె చెవే అది. మీ అందరి బండ్లు ఆమెనే ఇన్నది."

మయూర్ నవ్వబోయి ఆగాడు. ఒక రైతు విత్తనాలు చేతిలో పోసుకుని అలాగే చూస్తున్నాడు. రామచంద్రం గారు కలం కింద పెట్టారు.

"మరి గిన్నేండ్లు ఎందుకు చెప్పలే నాగనాథ్?"

"ఎవలు అడగలే సావుకార్."

"మేము ఎందుకు అడగలేదని కాదు. నువ్వెందుకు చెప్పలేదని అడుగుతున్న."

ఆయన కలం తీసుకుని మళ్లీ చీటీ రాసుకున్నారు.

మయూర్ నన్ను రోడ్డు దాకా సాగనంపాడు. తిడతాడనుకున్నాను. "ఇంకో ఇంజన్ తెప్పిస్తున్న కాకా. తక్కిన ముచ్చట్లన్ని ఇడిసిపెట్టు. గాని గీసారి కాకీ ఇంటేనే బండి ఇస్త. ఆమెను తోల్కరా" అన్నాడు.

బస్సులో చాలా తేలికగా ఉంది. ఆమెకు చెప్పడానికి మంచి మాట దొరికింది.

నవంబరు 9, ఆదివారం

ఇస్లాపూర్. ఇంట్లో ఎవరూ లేరు, అందరూ చేలోనే. సంగన్న గట్టు దాకా తెచ్చి, "గా ఒర్రె పక్క సాలుల ఉన్నది" అని వాగు వైపు చూపించి ఆగిపోయాడు.

ఎనిమిది మంది ఆడవాళ్లు వరుసగా ఏరుకుంటూ వస్తున్నారు. నడుముకు గుడ్డ కట్టుకుని, అందులో దూది నింపుకుంటూ. చంద్రభాగ మూడో సాలులో. తలకు చుట్టిన తువ్వాల నాది. నన్ను చూసింది. చెయ్యి ఆగలేదు.

"ఏం బావా, ఏరనీకి అచ్చినవా? నడుము ఒంగుతదా?" అన్నది ఒక పడుచు. మిగతావాళ్లు కిసుక్కుమన్నారు.

"జర ఇటు రా చంద్రభాగా, మాట్లాడేదున్నది" అన్నాను.

"ఈడనే మాట్లాడు. గప్పుడు అందరి ముంగటనే అంటివి గద."

అన్నాను. రంగు గురించి, మూడో పిస్టను గురించి, సుత్తి దెబ్బల గురించి, ముఖేడ్‌లో విత్తనాల షాపులో ఏమన్నానో అది కూడా. ఆమె సాలు వెంట ముందుకు కదులుతుంటే నేనూ పక్కన నడుస్తూ చెప్పాను. చివరికి, "తప్పు నాది" అన్నాను. ఆమె చెయ్యి అప్పుడు ఆగింది.

అక్కడ ఆపవలసింది.

"మయూర్ గూడ ఒప్పుకున్నడు. కొత్త ఇంజన్‌కు కాకీనే ఇనాలె అన్నడు. ఇగ అందరికి ఎర్కైంది. నువ్వు అస్తె..."

నా వైపు తిరిగింది. వేళ్ల కొనలు దూది కాయల ముళ్లకు చీరుకుని ఉన్నాయి.

"పనికి పిలువనచ్చినవా? నన్ను పిలువనచ్చినవా?"

"రెండు ఒకటే గద" అన్నాను.

నేను మంచి మాటే అన్నాననుకున్నాను. ఆమె ముఖం చూశాక తెలిసింది.

"ఔ. నీకు రెండు ఒకటే" అన్నది.

ఒడిలోని దూదిని చింకి చీర మీద కుమ్మరించి వచ్చింది. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "ఇన్నేండ్లు నా చెవి నీదే అనుకున్న. నీకు పేరొస్తే నాకొచ్చినట్టే అనుకున్న. నాకేం బాధ లేకుండె. గా దినం గా పోరగాండ్ల ముంగట నువ్వే అంటివి, గది నాది అని. సరే. నాదే ఉండనీ."

"ఇంటికి రావా?"

"బుక్క తిన్నవా?" అని అడిగింది. తినలేదన్నాను. తన సద్దిలోంచి జొన్నరొట్టె, పచ్చిమిర్చి కారం పెట్టింది. గట్టు మీద కూర్చుని తిన్నాను. నేను తినేలోపు ఆమె మళ్లీ సాలులోకి వెళ్లిపోయింది. చివరి దాకా పోయి ఆ చివర కూర్చుంది. మూడు గంటల బస్సుకు వచ్చేశాను.

నవంబరు 10

షాపు తీయలేదు.

నవంబరు 11, మంగళవారం

ఆమె నాతో చెప్పిన మాటల్లో ఇంజనుకు సంబంధం లేనివి రాద్దామని కూర్చున్నాను. ఇన్నేళ్లలో ఎన్నో ఉండాలి. పొద్దుటి నుంచి ఆలోచిస్తే తేలినవి:

చింతపండు అయిపోయింది. కప్పు కారుతున్నది. నిద్రలో పళ్లు కొరుకుతున్నావు. ఇలాంటివి.

ఇంకొకటి. ఏ ఏడాదో గుర్తులేదు, భోకర్ రోడ్డు మీదే. చెవులకు డబ్బాలు పెట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ, తన చెల్లెలు పోయిన రోజు గురించి చెప్పడం మొదలుపెట్టింది. చెల్లెలు బావి దగ్గరికి వెళ్లేముందు జడ వేయమని అడిగిందట. తనకు రొట్టెల పని ఉండి తర్వాత వేస్తానన్నదట. అక్కడి దాకా చెప్పింది. ఆ చెల్లెలు పేరు ఏమిటో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

నేను అప్పుడు, "ఇప్పుడు ఇనవడ్డదా ఏమన్న? మూడున్నర వేల మీదున్నం" అన్నాను.

"లేదు" అన్నది. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

నవంబరు 12

మయూర్ ఫోను చేశాడు. కాకీ వచ్చిందా అని. రాలేదన్నాను. ఎప్పుడొస్తుందన్నాడు. తెలియదన్నాను. ఈ రెండు మాటలూ నిజం.

నవంబరు 15, శనివారం

వినాయక్ మళ్లీ వచ్చాడు. "అయితే సక్కగ చెయ్యి, లేకుంటే పాత కంప్యూటరే పెట్టు కాకా" అన్నాడు.

"నేను ఇనలేను. నాకు చెవి లేదు" అన్నాను. ఈసారి అంత కష్టం కాలేదు. "ఇనేటామె ఇస్లాపూర్ల ఉంటది. చంద్రభాగ. దూది చేన్ల ఉంటది పొద్దంత. పోయి అడుగు. ఇంటనంటె ఇంటది. లేదంటే తిరిగి రా, గంతే."

"కాకీ కదా? నువ్వే పిలువరాదు?"

"పిలువను. నేను తోలిన అని గూడ చెప్పకు."

"బండికి నీ గొట్టం ఉండంగ చెప్పకుంటె ఎర్క కాదా ఆమెకు?"

అదీ నిజమే. ఉన్న మోత ఉన్నట్టు వినపడాలని వెనక్కి తీసిన ఆరు డిగ్రీలు తిరిగి ఇచ్చి, సెన్సర్ కింద చోటు మళ్లీ తుడిచి, ఉత్త ఇనుము మీద బిగించాను. రాగి గొట్టం, పైపు, డబ్బాలు పెట్టి ఇచ్చాను. చీటీ ఏమీ రాయలేదు. రాద్దామని రెండుసార్లు కలం తీశాను.

నవంబరు 17, సోమవారం

వినాయక్ వచ్చాడు. ఆమె విన్నది. మధ్యాహ్నం సద్ది తినే వేళ కారెక్కి, హిమాయత్‌నగర్ రోడ్డు మీద నాలుగుసార్లు లాగించిందట. తన మజూరీ ఎంతో తనే చెప్పి తీసుకున్నదట.

ఒక కాగితం ఇచ్చాడు. బీడీ కట్ట మీది కాగితం. ఆమె నాలుగో తరగతి మరాఠీ అంకెలు: ఆర్‌పీఎం, పక్కన అక్కడ ఎన్నిసార్లు పేలిందో.

3200, పక్కన సున్నా. అంటే నేను భయపడి ఆరు డిగ్రీలు వెనక్కి తీసింది వాల్వు మోతకు.
3800, పక్కన 2.
4300, పక్కన 5.

అంతే. వెనక్కి తిప్పి చూశాను. ఖాళీ.

3200 దగ్గర గ్రాఫ్ ఎంత లేచిందో దానికి పైన గీత పెట్టాను, ఇకముందు దాన్ని నాకింగ్ అనుకోకుండా. అక్కడ టైమింగ్ కదపలేదు. 3800 దగ్గర ఒక డిగ్రీ, 4300 దగ్గర మూడు వెనక్కి. 7.74 దగ్గర చూస్తే ఆమె రాసిన రెండు చోట్లా గ్రాఫ్‌లో చిన్న చిన్న ముళ్లు ఉన్నాయి. చూపిస్తే తప్ప కనపడనంత చిన్నవి. నాలుగు వేల ఆరు వందల దగ్గర ఇంకో ముల్లు కనిపించింది. అక్కడ కూడా కొంచెం తీద్దామనిపించింది. ఆమె రాయలేదు. తీయలేదు.

ఆమె మళ్లీ విని సరేనంటేనే బండి సరైనట్టు అని వినాయక్‌తో చెప్పి పంపాను.

నవంబరు 19, బుధవారం

మధ్యాహ్నం ఒంటిగంటకు వినాయక్ ఫోను. ఇస్లాపూర్ చేను గట్టు నుంచే చేస్తున్నాడు.

"కాకా, కాకీ ఇన్నది. ఒక్కటి గూడ లేదట. బండి మంచిగ ఉరుకుతున్నది."

"మంచిది."

"ఒకటి అడగుమన్నది నిన్ను."

నేను లేచి నిలబడ్డాను. "ఏమని?"

"తను రాసినకాడనే తిప్పిండా, ఇంకేడన్న ఆయనకు తోచినట్టు చేసిండా అని."

"ఆమె రాసినకాడనే. ఇంకేం ముట్టలే."

"ఆఁ, చెప్త ఉండు."

ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాను. వినాయక్ ఎవరితోనో ఏదో అన్నాడు. గాలి. దూరంగా ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు, ఎవరో నవ్వారు, ఎవరో ఒక మాట అన్నారు. ఆ గొంతుల్లో ఆమెది ఏదో నాకు తెలియలేదు.